కాలమూ కాసులూ

సాయంకాలం అయిదున్నర అయింది. మీరు బడినుంచి వచ్చి, ఏదో ఇంత తిని, ఆటకు బయలుదేరబోతున్నారు. అంతలో అమ్మ పిలిచి, చేతిలో 20 రూపాయల నోటు పెట్టి, "ఒక కొత్తిమీర కట్ట తెచ్చిపెట్టు," అన్నది.

వీధి చివర కొట్టులో కట్ట 15 రూపాయలు. మార్కెట్టులో అయితే అలాంటి కట్టే 10 రూపాయలకు వస్తుంది. కొట్టుకు పోయి రావటానికి 5 నిమిషాలు చాలు. మార్కెట్టుకు నడిచి పోయి రావాలంటే 40 నిమిషాలు పడుతుంది. మీరైతే ఎక్కడ కొంటారు?

"మార్కెట్టులోనే! 5 రూపాయలు మిగులుతాయి గదా!" అని మీలో కొందరు అంటారు. "కొట్టులోనే! మార్కెట్టునుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, ఇక ఆట ఏముంటుంది?" అని మరి కొందరు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. మొదటివాళ్ళు డబ్బు లెక్క వేశారు. రెండోవాళ్ళు కాలం లెక్క వేశారు. ఈ రెండు లెక్కలనూ కలిపి వేసేవాళ్ళు తక్కువ. ఇవాళ మనం దాన్ని నేర్చుకుందాం. ఇదేమంత కష్టమైన లెక్క కాదు; భాగహారం వస్తే చాలు.

రెండు సంచులు

ప్రతి ఇంట్లోనూ రెండు సంచులు ఉన్నాయనుకోండి. ఒకటి డబ్బు సంచి, రెండోది కాలం సంచి. డబ్బు సంచి ఒక ఇంట్లో బరువుగానూ, మరొక ఇంట్లో తేలికగానూ ఉంటుంది. కాలం సంచి మాత్రం అందరికీ ఒక్కటే. మన పూర్వులు పగలూ రాత్రీ కలిపి 60 ఘడియలుగా లెక్కించేవారు. ఘడియ అంటే 24 నిమిషాలు. కోటీశ్వరుడికైనా రోజులో అరవై ఒకటో ఘడియ లేదు. కూలివాడికి ఒక ఘడియ తగ్గదు.

మన దేశంలో 1957 మార్చి ఆఖరు దాకా రూపాయికి 16 అణాలు ఉండేవి. ఆ ఏడు ఏప్రిల్ 1వ తేదీనుంచి రూపాయికి 100 పైసలు అయినాయి. డబ్బు లెక్కను చట్టం చేసి మార్చవచ్చు. కాని రోజుకు ఒక్క నిమిషం చేర్చగల చట్టం ఏ దేశంలోనూ లేదు.

ఇంకొక తేడా కూడా ఉన్నది. ఇవాళ ఖర్చు కాని 10 రూపాయలను డిబ్బీలో వేస్తే రేపటికి ఉంటాయి. ఇవాళ వాడుకోని గంటను ఏ డిబ్బీలో దాచినా రేపటికి ఉండదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన సామెత. ఆ ఒక్క మాటలో రెండు సంచులూ ఉన్నాయి, చూడండి. దీపంలో నూనె డబ్బు. దీపం వెలిగే సేపు కాలం.

అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక యువ వర్తకుడికి హితం చెబుతూ, కాలమే డబ్బు అని గుర్తుంచుకోమన్నాడు. వర్తకుడు ఒంటరిగా లెక్క వేసుకుంటాడు గనక అతనికి ఆ మాట సరిపోతుంది. ఇంట్లో అలా కాదు. ఇంట్లో నలుగురూ కలిసి ఉంటారు. ఒకరు డబ్బు మిగిలిస్తుంటే, అందుకు కాలం ఖర్చు చేసేది మరొకరు కావచ్చు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

గంటకు ఎంత?

రైతు బజార్లను మీరు చూసే ఉంటారు. రైతులు తాము పండించిన కూరగాయలను తామే తెచ్చి అమ్ముకునేందుకు 1999 జనవరిలో వీటిని మన రాష్ట్రంలో మొదలుపెట్టారు. మధ్య బేరగాళ్ళు ఉండరు గనక అక్కడ సాధారణంగా ధర తక్కువ. మీ వీధిలో టొమేటోలు కిలో 40 రూపాయలు, రైతు బజారులో 30 రూపాయలు అనుకుందాం. బస్సులో పోయి రావటానికి 20 రూపాయలూ, ఒక గంటా పడుతుందనుకుందాం.

కిలో టొమేటోల కోసం పోతే మిగిలేది 10 రూపాయలు, బస్సుకు పోయేది 20 రూపాయలు. గంట పోయి, పైగా 10 రూపాయలు నష్టం! గాజుల బేరం భోజనానికి సరి అన్నట్టు కూడా కాలేదు, భోజనానికి చేతి డబ్బు పడింది.

అదే, వారానికి సరిపడా 8 కిలోల కూరలు తెస్తే? కిలోకు 10 రూపాయల చొప్పున 80 రూపాయలు మిగులుతాయి. బస్సుకు 20 పోను 60 రూపాయలు. అంటే ఆ గంటకు ప్రతిఫలం 60 రూపాయలు. చాలా ఇళ్ళలో ఇది మంచి బేరమే.

ఇక నాన్న పని ముగించుకుని వచ్చే దారిలోనే బజారు ఉన్నదనుకోండి. బస్సు ఖర్చు వేరే లేదు. ఆగినందుకు పావుగంట పడుతుంది, 80 రూపాయలు మిగులుతాయి. కూరలు అవే, బజారు అదే. ప్రయాణం ఏర్పాటు మారితే లెక్కంతా మారిపోయింది. కాని ఒక జాగ్రత్త ఉన్నది. చవక గదా అని 12 కిలోలు తెచ్చి, 4 కిలోలు కుళ్ళబెడితే, మిగిలిన డబ్బంతా పెంటకుప్ప పాలే.

మిగిలే డబ్బును పట్టే గంటలతో భాగించటమే మన లెక్క. "ఈ పనికి గంటకు ఎంత వస్తున్నది?" అని అడగటం అన్నమాట. డబ్బిచ్చి కాలం కొనేటప్పుడు, "గంటకు ఎంత ఇస్తున్నాం?" అని అడగాలి.

దానికి మన వంటింటి మిక్సీనే తీసుకుందాం. దాని ఖరీదు 3,600 రూపాయలనీ, 6 ఏళ్ళు పనిచేస్తుందనీ అనుకుంటే నెలకు 50 రూపాయలు పడుతుంది. అది 750 వాట్ల మిక్సీ అయితే, 10 నిమిషాలు తిరగటానికి యూనిట్‌లో ఎనిమిదో వంతు కరెంటు కావాలి. యూనిట్ 6 రూపాయలైతే అది 75 పైసలు! నెలలో 15 సార్లు తిప్పితే సుమారు 11 రూపాయలు. వెరసి నెలకు 61 రూపాయలు. రోట్లో రుబ్బటం కన్న ప్రతిసారీ అరగంట కలిసివస్తుందనుకుంటే, నెలకు 7½ గంటలు. అంటే గంట సుమారు 8 రూపాయలకు దొరికిందన్నమాట! ఒక్క సంగతి మరవకండి. అదే మిక్సీ అటకమీద కూర్చుంటే, 3,600 రూపాయలు పోసి ఒక్క నిమిషం కూడా కొననట్టే.

దగ్గర నిలబడని కాలం

కాలంలో రెండు రకాలున్నాయి. మనిషి దగ్గర నిలబడి చెయ్యవలసిన కాలం ఒకటి. దాని మానాన అది గడిచే కాలం ఇంకొకటి. తెలివిగల ఇల్లాలు ఈ తేడాను బాగా ఎరుగును.

శనగలు నానటానికి రాత్రంతా పడుతుంది. కాని అమ్మకు పట్టేది శనగలు కడిగి నీళ్ళు పొయ్యటానికి రెండు నిమిషాలే. మిగిలిన పని నీళ్ళు చేస్తాయి. నానిన శనగలు త్వరగా ఉడుకుతాయి గనక గ్యాసూ మిగిలింది, తెల్లవారి కాలమూ మిగిలింది. నానబెట్టటం మరిచిపోతే రెండూ పోతాయి. దోసెల పిండిని చూడండి. రుబ్బి గిన్నెలో పెట్టి అందరూ నిద్రపోతారు. కంటికి కనపడని సూక్ష్మజీవులు రాత్రంతా మేలుకుని పిండిని పులియబెట్టి, పొంగిస్తాయి. వాటికి జీతం లేదు. చలికాలంలో మాత్రం కాస్త ఆలస్యంగా పనిచేస్తాయి. అందుకనే ఆ రోజుల్లో పిండి గిన్నెను వెచ్చటి చోట పెడతారు. పాలు తోడుకోవటమూ ఇలాంటిదే.

ప్రెషర్ కుక్కర్ సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలు గిన్నెలో నీళ్ళు సుమారు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తరవాత మంట ఎంత పెద్దది చేసినా వేడి పెరగదు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. గట్టిగా మూత బిగించి ఆవిరిని పోనివ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్ళ వేడి సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకని కందిపప్పు త్వరగా ఉడుకుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు డెనిస్ పాపిన్ 1679లోనే ఇంగ్లండులో ఇలాంటి పాత్ర తయారుచేశాడు.

ఇందులోనుంచి మనకొక లాభం ఉన్నది. మూత లేని గిన్నెలో కూర మరగటం మొదలుపెట్టాక మంట తగ్గించి, మూత పెట్టండి. నీళ్ళు సన్నగా మరుగుతూ ఉన్నంతకాలం కూర దాదాపు అంతసేపట్లోనే ఉడుకుతుంది, గ్యాసు మాత్రం తక్కువ ఖర్చవుతుంది. కాలం పోకుండా డబ్బు మిగిలే ఉపాయాలు ఇలా కొన్ని ఉంటాయి. వాటిని ముందుగా వెతుక్కోవాలి. కాలానికీ డబ్బుకూ బేరం పెట్టటం ఆ తరవాత సంగతి.

అదే రూపాయి, వేరే రోజు

బడికి బస్సులో పోతే 20 రూపాయలు, ఆటోలో పోతే 60 రూపాయలు అనుకోండి. ఆటోలో అరగంట ముందుగా చేరవచ్చు. మామూలు రోజున ఆ అరగంట కోసం 40 రూపాయలు ఎక్కువ పెట్టటం దుబారా. కాని పరీక్ష రోజున బస్సు రాలేదు. అప్పుడు "40 రూపాయలు మిగులుద్దాం" అని నిలబడితే ఏడాది చదువుకు ఆపద రావచ్చు. 40 రూపాయలు మారలేదు, అరగంట మారలేదు. దాని విలువ మాత్రం మారింది.

ఇళ్ళు కూడా ఇంతే. వెనకటి రోజుల్లో చింతపండూ, మిరపకాయలూ, కందులూ పంట చేతికొచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా కొనేవారు. అప్పుడు ధర తక్కువ. చింతపండు ఈనెలు తీసి, గింజలు కొట్టి, కందులు తిరగట్లో విసిరి, ఎండబెట్టి, జాడీల్లో నింపేవారు. ఇప్పటికీ కొందరు అలా చేస్తారు. ఇంట్లో చేతులు ఎక్కువ, డబ్బు తక్కువ అయినప్పుడు అది మంచి పద్ధతి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోయే ఇంట్లో చేతులే తక్కువ. వాళ్ళు పప్పు పొట్లం కొనుక్కుంటే సోమరులని అనరాదు. తమ ఇంట్లో ఏ సంచి తేలికగా ఉన్నదో చూసుకుని నడుచుకోవటమే తెలివి.

ఎవరి కాలం?

ఇప్పుడు ఒక ఇంటి సంగతి వినండి.

ఆ ఇంట్లో తండ్రి ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాసేవాడు. మంచినీళ్ళు ఇంటికి తెచ్చిచ్చేవాడు 20 లీటర్ల డబ్బాకు 10 రూపాయలు అడిగేవాడు. నాలుగు వీధుల అవతల పంపులో నీళ్ళు ఊరికే వస్తాయి. అందుచేత ఆయన డబ్బా మాన్పించి, పుస్తకంలో "నీళ్ళు: నెలకు 300 రూపాయలు ఆదా" అని రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు తొమ్మిదో తరగతి చదివే కూతురికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. తండ్రికి కోపం వచ్చింది.

"సాయంకాలమంతా ఏం చేస్తున్నావు, తల్లీ? పుస్తకం తియ్యటానికి తీరికే లేదా?" అన్నాడు.

ఆ పిల్ల మాట్లాడలేదు. అరుగుమీద కూర్చున్న నాయనమ్మ అందుకుని, "ఏం చేస్తున్నదా? రోజూ నువ్వు మిగిల్చే పది రూపాయలనూ మోస్తున్నదిరా, అబ్బాయీ!" అన్నది.

తండ్రి ఒక్క క్షణం తెల్లబోయాడు. తరవాత పుస్తకం తెచ్చి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయించాడు. వరసలో నిలబడటానికీ, బిందెతో రెండు సార్లు తిరగటానికీ రోజుకు 40 నిమిషాలు. నెలకు 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. 300 రూపాయలను 20తో భాగిస్తే గంటకు 15 రూపాయలు!

"గంటకు 15 రూపాయల కూలికి నిన్ను పనికి పంపుతావా అని ఎవరైనా అడిగితే వాళ్ళతో పోట్లాడేవాణ్ణి. ఆ పని నేనే చేశాను," అన్నాడు తండ్రి.

అయితే ఆ ఇంట్లో 300 రూపాయలు కూడా చిన్న మొత్తం కాదు. డబ్బా మళ్ళీ మొదలుపెట్టటం కష్టమే. అందరూ కూర్చుని ఆలోచించారు. తెల్లవారుజామున పంపు దగ్గర వరస ఉండదు. తండ్రి ఒక రోజూ, అన్న ఒక రోజూ సైకిలుకు రెండు పక్కలా రెండు డబ్బాలు తగిలించుకుని పోతే, పావుగంటలో రెండు రోజుల నీళ్ళు వస్తాయి. పరీక్షల వారంలో మాత్రం డబ్బా కొంటారు. అందుకు ఏటా కొద్ది డబ్బు ఖర్చు. ఆ పిల్లకు వెంటనే వందకు వంద మార్కులు వచ్చాయని చెప్పను. కాని పొద్దుగూకకముందే లెక్కల పుస్తకం తెరవటానికి ఆమెకు తీరిక చిక్కింది.

తండ్రి చేసిన తప్పు పొదుపు చెయ్యటం కాదు. కూతురి కాలాన్ని పుస్తకంలో రాయకపోవటం. "ఊరికే వచ్చింది" అనుకున్నవాటికి తరుచు ఎవరో ఒకరు తమ కాలం పోసి వెల కడుతూనే ఉంటారు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. దేశంలో జనం రోజును ఎలా గడుపుతున్నారని భారత ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లోనూ, మళ్ళీ 2024లోనూ లెక్క తీశారు. 2019 లెక్క ప్రకారం, 6 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో నూటికి 81 మంది ఆ రోజున జీతం లేని ఇంటిపని చేశారు. మగవాళ్ళలో నూటికి 26 మందే చేశారు. ఆ పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళకు రోజుకు 299 నిమిషాలూ, మగవాళ్ళకు 97 నిమిషాలూ పట్టింది. 2024లో అవి 289, 88 నిమిషాలు. 289 నిమిషాలంటే సుమారు 12 ఘడియలు! రోజుకున్న 60 ఘడియల్లో అయిదో వంతు. మీ ఇంట్లో ఆ అయిదో వంతు ఎవరిదో మీకు తెలియకపోదు.

అందుచేత ఏ పనికైనా "ఎంత డబ్బు? ఎంత సేపు?" అన్న రెండు ప్రశ్నలే చాలవు. "ఎవరి సేపు?" అని మూడో ప్రశ్న కూడా వెయ్యాలి. ఒక్కొక్కప్పుడు ఒక్క రూపాయి ఖర్చు లేకుండానే అమ్మకు గంట కొనిపెట్టవచ్చు. ఎవరి కంచం వాళ్ళు కడుక్కోండి, ఎవరి బట్టలు వాళ్ళు మడత పెట్టుకోండి. నలుగురు చెరి పావుగంటా పనిచేస్తే గంట అవుతుంది.

లెక్కకు రాని కాలం

అన్నీ ఇలా లెక్కపెట్టటమేనా? కాదు. ఎండాకాలంలో ఆవకాయ పెట్టే రోజును తలుచుకోండి. తాతయ్య మామిడికాయలు కొడుతుంటే, మీరు జీళ్ళు తీసి ముక్కలు తుడుస్తారు. అమ్మమ్మ కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పాళ్ళు చెబుతుంది. కలిపిన పళ్ళెంలో వేడి అన్నం వేసి అందరికీ తలా ఒక ముద్ద పెడుతుంది. ఒక పూటంతా పట్టింది. కొట్టులో కొంటే 5 నిమిషాలు. కాని ఆ పూటను ఎవరు నష్టమంటారు? అక్కడ మనం కాలాన్ని ఖర్చు పెట్టలేదు, అనుభవించాం. అయితే ఒక్కటి చూడండి: అందరూ కలిసి కూర్చుంటేనే అది పండగ. అమ్మ ఒక్కతే వంటింట్లో చెమటలు కక్కుతుంటే అది మళ్ళీ లెక్కకు రావలసిన కాలమే.

మీరే వెయ్యండి

ఒక వారంపాటు చిన్న పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: పని, డబ్బు, నిమిషాలు, ఎవరి నిమిషాలు. ఆదివారం నాడు అమ్మా నాన్నల ముందు పెట్టి అందరూ కలిసి చదవండి. ఎవరినీ తప్పు పట్టటానికి కాదు సుమా! ఏ పని మాని వెయ్యవచ్చు, ఏది కలిపి చెయ్యవచ్చు, ఏది పంచుకోవచ్చు, దేనికి డబ్బు పెట్టవచ్చు అని చూడటానికి.

ఇక మన కొత్తిమీర కట్ట సంగతి. మార్కెట్టుకు పోతే 5 రూపాయలు మిగులుతాయి, 35 నిమిషాలు ఎక్కువ పడుతుంది. గంటకు సుమారు 8½ రూపాయలు వచ్చినట్టు. ఆ ఒక్క కట్ట కోసమైతే వీధి చివర కొట్టే మేలు. మార్కెట్టులో మరి నాలుగు వస్తువులు కొనేది ఉంటే మార్కెట్టే మేలు.

మూడో దారి కూడా ఒకటి ఉన్నది. పోపులపెట్టెలోని ధనియాలు గుప్పెడు తీసి, మెల్లిగా రెండు బద్దలయ్యేలా నలపండి. ఒక్కొక్క ధనియంలో రెండేసి విత్తనాలు ఉంటాయి. వాటిని కుండీలో చల్లి, పైన పలచగా మట్టి కప్పి, రోజూ కాసిని నీళ్ళు చిలకరించండి. రోజుకు రెండు నిమిషాల పని. మిగతా పనంతా మట్టీ, ఎండా చూసుకుంటాయి. సుమారు 40 రోజులకు అమ్మ మళ్ళీ "కొత్తిమీర" అని పిలిచినప్పుడు, మీరు పెరట్లోకి పోయి, నాలుగు రెబ్బలు కోసిచ్చి, ఆటకు పరిగెత్తవచ్చు.